సాలార్‌జంగ్ మ్యూజియం బొమ్మతో ఇంటి గోడకు ప్రింట్ ఎలా చేయాలి?

మ్యూజియం బొమ్మ అనగానే చాలామంది భవనం ముందు భాగమే గీస్తారు. హైదరాబాద్ సాలార్‌జంగ్ విషయంలో మాత్రం లోపలికి వెళ్లమంటాను. ఈ ఊళ్లో పెరిగినవాళ్లకు ఆ పేరు వినగానే గుర్తొచ్చేది సంగీత గడియారం. గంట కొట్టే వేళకు జనం దాని ముందు చేరతారు. గడ్డమున్న చిన్న బొమ్మ బయటికొచ్చి గంట కొట్టి లోపలికి పోతుంది. గోడ మీద ఆ క్షణం కనిపిస్తే ఇంటికొచ్చిన ప్రతివాళ్లూ ఆగి చూస్తారు.

శుక్రవారం మ్యూజియానికి సెలవు, వేరే రోజు వెళ్లండి. కెమెరా నియమాలేమిటో టికెట్ కౌంటర్ దగ్గరే అడిగేయండి. ఫొటోతో సరిపెట్టుకోకుండా అక్కడే పెన్సిల్‌తో ఒక చిత్తుబొమ్మ వేసుకుంటే కొలతలు చేతికి అలవాటవుతాయి.

గడియారం బదులు అదే మ్యూజియంలోని ముసుగు రెబెక్కాను, అంటే ఇటలీ శిల్పి బెంజోనీ 1876లో చెక్కిన ముసుగు స్త్రీ పాలరాతి విగ్రహాన్ని ఎంచుకుంటే కాస్త ఓపిక కావాలి. ముసుగును గీతలతో గీయకండి, పాలరాయి మెత్తదనం పోతుంది. కాగితం తెలుపును అలాగే వదిలేసి కళ్ల కింద, ముక్కు పక్కన, గడ్డం కింద మాత్రం బాగా నీళ్లు కలిపిన బూడిద రంగు వేయండి. అది పూర్తిగా ఆరాకే రెండో పూత. ముఖం మీద లేతగా, భుజం మడతల్లో చిక్కగా నీడలు పడితే ముసుగు దానంతటదే కనిపిస్తుంది.

బొమ్మను ఎ3 సైజులో వేసి, 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు) స్కాన్ చేయించండి. ఫైల్ సుమారు 3508 × 4961 పిక్సెల్స్ వస్తుంది. ప్రింటింగ్ షాపుకు వాట్సాప్‌లో ఫొటోగా పంపొద్దు, క్వాలిటీ పడిపోతుంది. డాక్యుమెంట్‌గా పంపండి, లేదా పెన్‌డ్రైవ్‌లో ఇవ్వండి. ఆసిడ్ లేని మ్యాట్ కాగితం, కనీసం 250 జీఎస్ఎం (చదరపు మీటరు కాగితం బరువు గ్రాముల్లో), త్వరగా వెలిసిపోని పిగ్మెంట్ ఇంక్ అని అడగండి. స్క్రీన్ మీద ఉన్నంత వెలుగు కాగితం మీద రాదు కాబట్టి ముందు చిన్న ముక్క ప్రింట్ తీయించి చూడటం మంచిది.

ఫ్రేం కట్టించేటప్పుడు మౌంట్, అంటే బొమ్మ చుట్టూ అద్దానికీ కాగితానికీ మధ్య ఉండే మందపాటి అట్ట, తప్పనిసరిగా పెట్టించండి. కాగితం అద్దానికి ఆనుకుంటే వానాకాలం తేమకు అతుక్కుపోతుంది. సెల్లోటేప్ అస్సలు వద్దు, కొన్నాళ్లకు పసుపు మరకలు వస్తాయి.

నేరుగా ఎండ పడే గోడ, బాత్రూమ్‌ను ఆనుకుని చెమ్మపట్టే గోడ రెండూ పనికిరావు. బొమ్మ మధ్యభాగం నేల నుంచి దాదాపు 5 అడుగుల ఎత్తులో, కంటికి ఎదురుగా ఉండాలి. ఒక మేకు బదులు రెండు కొడితే ఫ్రేం పక్కకు ఒరగదు.