పాలిసెట్ కథలెక్కల్ల తమ్ముడు ఆగిపోయే జాగా, ఎట్ల దాటినమంటే

మాది నల్గొండ దగ్గర ఊరు, తమ్ముడు పాలిసెట్‌కి (పాలిటెక్నిక్ ఎంట్రన్స్) ప్రిపేర్ అయితుండు, 120 మార్కులల్ల 60 లెక్కలకే కాబట్టి అవి పోతే ర్యాంక్ పోయినట్టే. సమీకరణం ఇస్తే టకటక చేస్తడు, అదే కథలెక్క ఇస్తే పెన్ను నోట్ల పెట్టుకుని కూసుంటడు.

బస్సుల 50 మంది, ఫుల్ టికెట్ 60 రూపాయలు, హాఫ్ 30, మొత్తం 2400 వచ్చినయ్, హాఫ్ టికెట్లు ఎన్ని? గిది చూడంగనే ఎక్స్, వై రెండూ పెట్టి రెండు సమీకరణాలు రాస్తుండె, టైమంతా అండ్లనే పోతుండె. నేను ముందు ఆఖరి లైన్ చదివించిన, అడిగినదాన్నే ఎక్స్ అనుకోమన్న. హాఫ్ ఎక్స్ అయితే ఫుల్ 50−ఎక్స్.

30ఎక్స్ + 60(50−ఎక్స్) = 2400
3000 − 30ఎక్స్ = 2400
ఎక్స్ = 20

అదే ఫుల్‌ని ఎక్స్ అనుకుంటే 30 వస్తది, ఆ 30 కూడా ఆప్షన్లల్ల ఉంటది, పేపర్ చేసెటోళ్లు ఊకె ఉంటరా మరి!

నోటితో కూడా అయితది: అందరూ ఫుల్ అనుకుంటే 3000, 600 తక్కువొచ్చినయ్, ఒక్కో హాఫ్‌కి 30 తగ్గుతది, అంటే 20. ఇప్పుడు గీ టైపు లెక్కలకి కాగితం ముట్టుకుంటలేడు. వయసుల లెక్కలే ఇంకా జర సతాయిస్తున్నయ్, 5 ఏండ్ల కింద అంటే ఇద్దరి వయసులకెళ్లి 5 తీసెయ్యాలె, వాడు ఒక్కరిదే తీస్తడు.