మెడికల్ రీసెర్చ్ పోస్టుకు శాశ్వత నిధి: కర్నూలులో విరాళాలు ఎలా కూడగట్టాలి?

ఇంట్లో పెద్దాయన పోతే పిల్లలంతా కలిసి కాలేజీలో ఆయన పేరున గోల్డ్ మెడల్ పెట్టించడం మన వైపు అలవాటే. మేమూ పెట్టించాం. 1996లో మా నాన్న పేరున ఒక కాలేజీలో 25,000 డిపాజిట్ చేశాం. అప్పట్లో వడ్డీ 12 శాతం, ఏటా 3,000 వచ్చేది. ఆ డబ్బుతో మంచి మెడలే ఇచ్చేవాళ్ళు. ఇప్పుడు ఏడు శాతం వేసుకున్నా 1,750. వెండి మీద పూత కూడా కష్టం. అసలు అలాగే ఉంది, పని మాత్రం ఆగిపోయింది.

మెడల్ కాకుండా, ఒక పరిశోధకుడికి ఏటా జీతం వచ్చేలా నిధి పెడదామని ఇప్పుడు కొందరం తిరుగుతున్నాం. ఇది కొత్త ఆలోచనేం కాదు. కలకత్తా లాయర్ తారకనాథ్ పాలిత్ ఇచ్చిన డబ్బుతో పెట్టిన ప్రొఫెసర్ పోస్టులోకే 1917లో సి.వి. రామన్ సర్కారు ఫైనాన్స్ ఉద్యోగం వదిలేసి చేరాడు. మన ఎల్లాప్రగడ సుబ్బారావు 1922లో బోస్టన్‌కు వెళ్ళగలిగింది మామగారు కూడగట్టిన డబ్బుతో, కాకినాడ మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ ఇచ్చిన భరోసాతో.

మొదట జబ్బును ఎంచుకోండి

'వైద్య పరిశోధనకు సాయం చేయండి' అంటే ఎవరూ జేబులో చెయ్యి పెట్టరు. మేం పాముకాటును ఎంచుకున్నాం. పత్తికొండ, ఆలూరు వైపు శెనక్కాయ చేలలో పనిచేసే ఇంట్లో ఎవరినడిగినా ఒక కథ చెబుతారు. 2020లో వెలువడిన అధ్యయనం అంచనా ప్రకారం 2000 నుంచి 2019 దాకా దేశంలో పాముకాటుతో దాదాపు 12 లక్షల మంది చనిపోయారు. మరణాలు ఎక్కువున్న రాష్ట్రాల్లో మనదీ ఒకటి. మన దగ్గర దొరికే విరుగుడు మందు నాగుపాము, కట్లపాము, రెండు రకాల పింజరి విషాలకు తయారుచేసింది. ఆ విషం చాలావరకు తమిళనాడులో పట్టిన పాముల నుంచి వస్తుంది. ఒకే జాతి పాము విషం ప్రాంతాన్ని బట్టి మారుతుంది. మరి మన పక్క పాములకు ఆ మందు ఎంత పనిచేస్తోంది? కర్నూలు పెద్దాసుపత్రికి మన జిల్లా కేసులే కాదు, గద్వాల, రాయచూరు వైపు నుంచి కూడా వస్తాయి. కూర్చుని లెక్క రాసే మనిషి కావాలి.

అనంతపురం వాళ్ళయితే నీళ్ళలో ఫ్లోరైడ్ తీసుకోవచ్చు. మీ ఊరి ఆసుపత్రి డాక్టర్లను అడిగి, ఇరవై ఏళ్ళకైనా పని మిగిలి ఉండే సమస్యను తీసుకోండి.

రూపాయి వసూలు చేయకముందే కాగితం

ఎక్కువ మంది తప్పటడుగు ఇక్కడే వేస్తారు. ప్రభుత్వ మెడికల్ కాలేజీలో లెక్చరర్ పోస్టును దాతలు సృష్టించలేరు. పోస్టు మంజూరు, నియామకం సర్కారు చేతిలో పని. నిధి మీద జీతం తీసుకునే రీసెర్చ్ అసోసియేట్‌ను యూనివర్సిటీ ద్వారా పెట్టడం తేలికైన దారి. మన రాష్ట్రంలో మెడికల్ కాలేజీలు దాదాపు అన్నీ విజయవాడలోని ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం కిందికి వస్తాయి. ప్రయోగశాల పని ఎక్కువైతే కర్నూలు రాయలసీమ, కడప యోగి వేమన, అనంతపురం శ్రీకృష్ణదేవరాయ యూనివర్సిటీల్లో ఏదో ఒకదాని జీవశాస్త్ర విభాగాన్ని కలుపుకోవచ్చు.

రిజిస్ట్రార్‌ను కలిసి, పాలకమండలి తీర్మానం అయ్యాకే రసీదు పుస్తకం అచ్చు వేయించండి. 'అయిపోతుంది సార్, మీరు వసూలు మొదలుపెట్టండి' అంటే నమ్మొద్దు. మాకు ఒకచోట అలాగే చెప్పారు, ఆ పెద్దమనిషి రెండు నెలలకే బదిలీ అయిపోయాడు. కొత్తాయనకు ఫైలు వెతికి ఇచ్చేసరికి మా తల ప్రాణం తోకకొచ్చింది.

ఒప్పందంలో ఇవి తప్పకుండా రాయించండి: అసలును ఎప్పటికీ ముట్టకూడదు, దాన్ని యూనివర్సిటీ మిగతా ఖాతాలతో కలపకూడదు. మనిషిని ఎంపిక చేసే కమిటీలో దాతలూ వాళ్ళ బంధువులూ ఉండకూడదు. పోస్టు ఖాళీగా ఉన్న నెలల డబ్బు అసలులో కలవాలి. రేపు పాముకాటు సమస్యే తగ్గిపోతే నిధిని పల్లె జనం ఆరోగ్యానికి సంబంధించిన వేరే పరిశోధనకు మళ్ళించవచ్చు. ఈ చివరి షరతు లేకపోతే యాభై ఏళ్ళకు డబ్బుంటుంది గానీ వాడుకోవడానికి వీలుండదు.

ఎంత కావాలి?

2023లో పెంచిన లెక్క ప్రకారం కేంద్ర పరిశోధన ప్రాజెక్టుల్లో రీసెర్చ్ అసోసియేట్‌కు మొదటి మెట్టు జీతం నెలకు 58,000, ఇంటి అద్దె భత్యం అదనం. ఏడాదికి జీతమే 6,96,000. అద్దె, పల్లెలకు తిరిగే ఖర్చు, రసాయనాలు కలిపితే పది లక్షలు వేసుకోండి.

వడ్డీ 7 శాతం అనుకుంటే కోటీ నలభై మూడు లక్షలు చాలు కదా అని ఎవరో ఒకరు అంటారు. మా నాన్న మెడల్ గతి పట్టేది అప్పుడే. వచ్చే 7 శాతంలో అసలు మీద 4 శాతం మేరకే ఖర్చు పెట్టి, మిగతా 3 శాతం అసలులో కలపాలి. అప్పుడు కావలసింది రెండున్నర కోట్లు. దాని మీద ఏటా 17.5 లక్షలు వస్తే 10 లక్షలు జీతానికి, 7.5 లక్షలు వెనక్కి. ధరలు 6 శాతం చొప్పున పెరిగితే పన్నెండేళ్ళలో రెట్టింపవుతాయి కాబట్టి, మూడు కోట్లు అయితే ఇంకా నిశ్చింత.

రెండున్నర కోట్లు వినగానే టెన్షన్ వస్తుంది. కాగితం మీద విడగొట్టండి. ఒకరు 50 లక్షలు, ముగ్గురు 25 చొప్పున, అయిదుగురు 10 చొప్పున, పదిహేను మంది 3 చొప్పున, ముప్పై మంది లక్ష చొప్పున. మొత్తం 54 మంది, సరిగ్గా 250 లక్షలు. ఒక్కో గడికి మూడు నాలుగు పేర్లు రాసుకోండి, అందరూ సరేననరు. అయిదేళ్ళ వాయిదాల్లో ఇచ్చే వీలు పెడితే లక్ష ఇచ్చేవాళ్ళు మూడు లక్షల గడిలోకి వస్తారు.

పై గడి నుంచి మొదలుపెట్టండి. 50 లక్షల పెద్దమనిషి ముందు సంతకం పెడితే మిగతావాళ్ళు తమ అంకె తామే పెంచుకుంటారు. చిన్న మొత్తాలతో మొదలుపెడితే పెద్దాయన కూడా 'అందరూ పదివేలు ఇచ్చారు కదా, నాదీ పది రాసుకో' అంటాడు.

అడిగే తీరు

వాట్సాప్ మెసేజ్ పెడితే చేతులు జోడించిన బొమ్మలే వస్తాయి. ఇంటికి వెళ్ళాలి, ఇద్దరు వెళ్ళాలి, అందులో ఒకరు తన వాటా ముందే ఇచ్చి ఉండాలి. ఆదోనిలో ఒక జిన్నింగ్ మిల్లు ఆయన దగ్గరికి వెళ్ళాం. కాఫీ తాగిన తర్వాత ఆయనే అడిగాడు.

"వార్డులో మంచాలు వేయించమంటే వేయిస్తా సార్. ఎవరో చదువుకున్న మనిషికి నెలనెలా జీతమిచ్చేదేందప్పా?"

మా వెంట వచ్చిన డాక్టర్ గారు దానికి జవాబు చెప్పలేదు. "మీ చేను గుత్తకు చేసేటాయన కొడుకును పోయినేడు పాము కరిచిందంటిరి కదన్నా, ఎన్ని ఇంజెక్షన్లు పట్టినాయి?" అని అడిగారు.

"ఇరవై పైన. అయినా కిడ్నీలు దెబ్బతినె."

"మన పక్క అట్లా ఎందుకైతాందో చూసేటోనికే ఈ జీతం."

అంతే, ఇంకేమీ అడగలేదు. వారం తర్వాత మిల్లు గుమాస్తా ఫోన్ చేసి, చెక్కు ఎవరి పేరున రాయాలో కనుక్కున్నాడు.

పేరు గొడవ ముందే తేల్చుకోండి. పోస్టుకు ఎవరి పేరు, ఎంత ఇస్తే, అన్నది మొదటి మీటింగులోనే రాసిపెట్టాలి. మధ్యలో మారిస్తే స్నేహాలు పోతాయి.

పన్ను సంగతి నిజమే చెప్పండి

యూనివర్సిటీకి 80జీ అర్హత (దాతకు పన్ను మినహాయింపు ఇచ్చే సెక్షన్) ఉందో లేదో కాగితం చూసి తెలుసుకోండి. ఉన్నా, మినహాయింపు పాత పద్ధతిలో పన్ను కట్టేవాళ్ళకే. సాధారణంగా ఇచ్చినదాంట్లో సగం ఆదాయంలోంచి తగ్గుతుంది. లక్ష ఇస్తే, 30 శాతం శ్లాబులో ఉన్నవాళ్ళకు పన్నులో మిగిలేది సుమారు 15,000. 'సగం వెనక్కి వస్తుంది' అని చెప్పుకు తిరిగేవాళ్ళ మాట నమ్మి ఇచ్చినవాళ్ళు తర్వాత మొహం చాటేస్తారు. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం కాబట్టి సెక్షన్ నంబర్లు మారాయి, ఆడిటర్‌ను పక్కన పెట్టుకోండి. నగదు 2,000 దాటితే ఆ మినహాయింపూ లేదు. చెక్కు, యూపీఐ, బ్యాంకు బదిలీ తప్ప వేరేవి తీసుకోకపోతే మీకూ తలనొప్పి ఉండదు. ప్రతి పెద్ద దాత దగ్గరా 'ఈ మొత్తం మూలనిధికే' అని సంతకంతో ఉత్తరం తీసుకోండి. అది లేకపోతే లెక్కల్లో మామూలు విరాళంగా పడిపోతుంది.

సిమెంటు ఫ్యాక్టరీల సీఎస్ఆర్ డబ్బు (కంపెనీలు చట్టప్రకారం సమాజం కోసం పెట్టాల్సిన ఖర్చు) మీద ఆశ పెట్టుకోకండి. ఏ సంస్థ మూలనిధికి ఇచ్చినా, 2021 జనవరి 22 తర్వాత అది సీఎస్ఆర్ ఖర్చు కింద చెల్లదు. అదే డబ్బును ఫ్రీజర్‌కో, ల్యాబ్ పరికరాలకో ప్రాజెక్టుగా అడగవచ్చు. అప్పుడు నిధి మీద భారం తగ్గుతుంది.

అమెరికాలో ఉన్న మన డాక్టర్ల విషయంలో ఇంకో మెలిక ఉంది. భారత పాస్‌పోర్టు ఉన్న ఎన్నారై తన సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. అక్కడి పౌరసత్వం తీసుకుని ఉంటే మాత్రం విదేశీ విరాళమే. అప్పుడు తీసుకునే సంస్థకు సాధారణంగా ఎఫ్‌సీఆర్ఏ (విదేశీ విరాళాల చట్టం) అనుమతి, ఢిల్లీ స్టేట్ బ్యాంకు మెయిన్ బ్రాంచిలో ప్రత్యేక ఖాతా ఉండాలి; మీ యూనివర్సిటీకి ఇది వర్తిస్తుందో లేదో ఆడిటర్‌ను అడగండి. కాబట్టి మన బ్యాచ్ వాడే కదా అని పంపమనకుండా, ముందు పాస్‌పోర్టు ఏ దేశానిదో అడగండి. ఇబ్బందిగానే ఉంటుంది, అయినా అడగాలి.

నిధి నిండిన తర్వాత

డబ్బు ఏ ఒక్కరి పేరునా, ఇద్దరి జాయింట్ ఖాతాలోనూ ఒక్క రోజు కూడా ఉండకూడదు, నేరుగా యూనివర్సిటీ ప్రత్యేక ఖాతాకే వెళ్ళాలి. డిపాజిట్ గడువు తేదీలను దాతల తరఫున ఒకరు రాసిపెట్టుకుని, నెల ముందే గుర్తుచేయాలి. రోగుల వివరాలతో చేసే ఏ పనికైనా ముందు ఎథిక్స్ కమిటీ అనుమతి కావాలి. పామును పట్టాలన్నా విషం తీయాలన్నా అటవీశాఖ అనుమతి కావాలి. వీటికి నెలలు పట్టవచ్చు కాబట్టి మొదటి ఏడాది ఫలితాలు అడగవద్దని దాతలకు ముందే చెప్పండి.

ఏటా జూన్‌లో, చేలలో విత్తనం పడే రోజుల్లో, ప్రతి దాతకూ ఒక పేజీ ఉత్తరం వెళ్ళాలి: అసలు ఎంత, వడ్డీ ఎంత, ఖర్చెంత, ఎన్ని కేసులు నమోదు చేశారు. ఆరు నెలలు పోస్టు ఖాళీగా ఉంటే అదీ రాయండి, ఎందుకు ఖాళీయో కూడా.