స్వెటర్లమ్మే టిబెటన్ కుటుంబం: పిల్లల కాలేజీ చదువుకు డబ్బు ఎలా సమకూర్చాలి?

దీపావళి వస్తోందంటే హైదరాబాద్, విజయవాడల్లో టిబెటన్ల స్వెటర్ల దుకాణాలు వెలుస్తాయి. సంక్రాంతి దాటాక సర్దేసుకుని కర్ణాటకలోని బైలకుప్పె, ముండగోడ్, ఒడిశాలోని చంద్రగిరి లాంటి శరణార్థి కాలనీలకు వెళ్లిపోతారు. అక్కడ మొక్కజొన్న వేసే కుటుంబాలకు కూడా పిల్లల ఫీజులు చాలావరకు ఈ చలికాలపు బేరం మీదే. ఏళ్లుగా మీరు కొంటున్న దుకాణం ఆవిడ "మా అమ్మాయి ఈ ఏడు ట్వెల్త్" అంటే, మీరు చేయగలిగిన సాయం చాలా ఉంది.

1. ముందు కాగితాలు చూడండి

ఆవిడ ప్లాస్టిక్ కవర్లోంచి తీసేవాటిలో రెండు ముఖ్యం. ఒకటి ఆర్‌సీ, అంటే టిబెటన్లను విదేశీయులుగా నమోదు చేస్తూ భారత ప్రభుత్వం ఇచ్చే రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్. దాని గడువు కౌన్సెలింగ్ మధ్యలో అయిపోకూడదు. రెండోది గ్రీన్ బుక్. ధర్మశాలలోని ప్రవాస టిబెటన్ పాలనా యంత్రాంగానికి ఏటా కట్టే 'చాట్రెల్' అనే చిన్న చందా అందులో నమోదవుతుంది. స్కాలర్‌షిప్ అడిగే ముందు ఆ బాకీ లేకుండా చూసుకోవాలి.

పుట్టిన తేదీలు కూడా అడగండి. 1950 జనవరి 26 నుంచి 1987 జూన్ 30 వరకు భారత్‌లో పుట్టినవారు చట్టం ప్రకారం పౌరులే. తల్లిదండ్రులిద్దరూ అలా పుట్టినవారైతే, ఇక్కడ పుట్టిన పిల్లలకూ పౌరసత్వం ఉంటుంది. బ్యాంకుల విద్యారుణ పథకంలో మొదటి షరతు అదే కాబట్టి ఇది తేలడం అవసరం. అయితే శరణార్థిగానే ఉండాలా, భారత పాస్‌పోర్టు తీసుకోవాలా అన్నది వాళ్ల మనసుకు సంబంధించిన విషయం. తేదీలు చెప్పండి, ఒత్తిడి పెట్టకండి.

2. కాలేజీ ఏ కోటాలో చేర్చుకుంటుందో అడగండి

ఆర్‌సీ చూసి విదేశీ విద్యార్థి ఫీజు వేస్తే ఇంటిల్లిపాదీ లెక్క తప్పుతుంది. అడ్వాన్సు కట్టకముందే రాతపూర్వకంగా జవాబు తీసుకోండి.

3. టిబెటన్ సంస్థల తలుపు తట్టించండి

ధర్మశాల విద్యాశాఖను వాళ్లు 'షెరిగ్' అంటారు. పన్నెండో తరగతి మార్కుల ఆధారంగా అది డిగ్రీ స్కాలర్‌షిప్‌లు ఇస్తుంది. ఫలితాలు రాగానే కదలాలి. కాలనీలోని సెటిల్‌మెంట్ ఆఫీసులో ముందే కనుక్కోవడం మేలు. టిబెటన్ చిల్డ్రన్స్ విలేజ్ బడిలో చదివిన పిల్లలైతే ఆ బడినే మొదట అడగాలి. ఊరికి దూరమైనా ఫర్వాలేదంటే బెంగళూరు దగ్గరి దలైలామా ఉన్నత విద్యా సంస్థను, సారనాథ్‌లోని టిబెటన్ విశ్వవిద్యాలయాన్నీ జాబితాలో చేర్చండి.

4. జనవరి డబ్బును జూన్ దాకా కాపాడాలి

అసలు ఇబ్బంది ఇక్కడే. సరుకు చాలామంది లూధియానా వ్యాపారుల దగ్గర అప్పు మీద తెస్తారు. సీజన్ చివర ఆ బాకీ తీర్చాక చేతిలో మిగిలిందే ఏడాది సంపాదన. చలి సరిగా పడని ఏడు ఆ మిగులూ ఉండదు. కాలేజీ ఫీజు జూన్, జూలైల్లో అడుగుతారు. ఈలోగా పెళ్లి, వైద్యం, ఇంటి రిపేరు, ఏదో ఒకటి వచ్చి పడుతుంది. బాకీ తీరిన రోజే ఫీజు సొమ్ము, గడువుకు ముందే చేతికొచ్చేలా డిపాజిట్‌లో వేయించండి. హాస్టల్, మెస్ ఖర్చు కూడా కలిపి లెక్క కట్టండి. చదువు మధ్యలో ఆగేది ఎక్కువగా వాటి దగ్గరే.

5. మీరే కడతానంటే

కోర్సు ఎన్నేళ్లో అన్నేళ్లకూ సరిపడా మాత్రమే మాటివ్వండి. మొదటి ఏడాది లక్ష ఇచ్చి ఆగిపోవడం కంటే, ఏటా ముప్పై వేలు చివరిదాకా ఇవ్వడం ఆ పిల్లకు ఎంతో నయం. డబ్బు నేరుగా కాలేజీ ఖాతాకు పంపి, రసీదు అమ్మాయి పేరున తీసుకోండి. ఇలా కడితే విరాళాలకు ఆదాయపు పన్నులో దొరికే 80జీ మినహాయింపు రాదు; అది కావాలంటే ఆ గుర్తింపున్న ట్రస్టు ద్వారా పంపాలి. ట్రస్టుకు అమెరికా నుంచి మీవాళ్లు పంపాలనుకుంటే వాళ్ల పాస్‌పోర్టు సంగతి చూడండి. భారత పాస్‌పోర్టు ఉన్నవారు సొంత పొదుపు లోంచి పంపేది విదేశీ విరాళం కిందికి రాదు. పౌరసత్వం మారిపోయి ఉంటే, ఆ ట్రస్టుకు విదేశీ విరాళాలు తీసుకునేందుకు కేంద్రం ఇచ్చే ఎఫ్‌సీఆర్‌ఏ అనుమతి ఉండాల్సిందే.

వచ్చే దీపావళికి దుకాణం తెరవగానే రెండో ఏడాది ఫీజు గడువు అడిగి, ఇంట్లో క్యాలెండర్ మీద రాసుకోండి.