రొయ్యల చెరువు షెడ్డులో యూఎస్‌బీ కేబుల్ పెట్టినా సిస్టమ్ పట్టుకోకపోతే

భీమవరం, ఆకివీడు వైపు చెరువుల మీద ఆక్సిజన్ మీటరును యూఎస్‌బీ సీరియల్ కేబుల్‌తో లినక్స్ సిస్టమ్‌కి కలిపేవాళ్ల కోసం ఇది. డ్రైవర్ మళ్లీ ఎక్కించే ముందు కెర్నల్ (లినక్స్ మూల భాగం) ఏమంటోందో చూడండి. టెర్మినల్‌లో సుడోతో డీమెసెజ్ కమాండును (sudo dmesg -w) నడుపుతూ, కేబుల్ తీసి మళ్లీ పెట్టండి. కెర్నల్ రాసే లాగ్ లైన్లు అక్కడే కనిపిస్తాయి; ఏం కనిపించిందో దాన్నిబట్టి కింద చూడండి.

ఒక్క లైనూ రాలేదు. కేబుల్ పెట్టిన సంగతే హబ్‌కి (యూఎస్‌బీ పోర్టులను నడిపే భాగానికి) తెలియలేదు. ఉప్పుగాలికి పిన్నులు చిలుము పట్టి ఉంటాయి, లేదా అది డేటా వైర్లు లేని ఛార్జింగ్ కేబుల్. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో పిన్నులు తుడిచి ఆరనివ్వండి. అప్పటికీ రాకపోతే కేబుల్ మార్చండి.

డిస్క్రిప్టర్ రీడ్, ఎర్రర్ -71 లేదా -110. పరికరం తగిలింది గానీ తన వివరాలు సరిగా చెప్పలేకపోయింది. -71 అంటే సమాధానం చెడిపోయి వచ్చింది లేదా వెంటనే రాలేదు, -110 అంటే గడువులోగా పని పూర్తికాలేదు. కేబుల్ 5 మీటర్లు దాటిందేమో చూడండి. సొంత అడాప్టర్ లేని హబ్ ఒక్కో పోర్టుకి 100 మిల్లీఆంపియర్లే ఇస్తుంది. సిస్టమ్‌లోని యూఎస్‌బీ 2.0 పోర్టు 500 ఇస్తుంది కాబట్టి నేరుగా దానికే పెట్టండి.

నడుస్తూనే రీడింగ్ ఆగిపోతోంది, టీటీవైయూఎస్‌బీ0 (లినక్స్ ఆ కేబుల్‌కు ఇచ్చే పోర్టు పేరు, ttyUSB0) పోయి 1 వస్తోంది. ఎక్కువ ఇబ్బంది పెట్టేది ఇదే. ఏరియేటర్లు ఆన్ చేసిన క్షణంలో లాగ్‌లో ‘డిసేబుల్డ్ బై హబ్, ఈఎంఐ?’ అన్న లైను పడుతుందేమో గమనించండి (ఈఎంఐ అంటే ఇక్కడ విద్యుదయస్కాంత జోక్యం). స్టార్టర్ కాంటాక్టుల నిప్పురవ్వల వల్ల కేబుల్లోకి నాయిస్ ఎక్కితే హబ్ ఆ పోర్టును మూసేస్తుంది. కెర్నల్ పాత పరికరాన్ని తీసేసి, కొత్తగా వచ్చినట్టే మళ్లీ గుర్తిస్తుంది. మీ ప్రోగ్రామ్ పాత పోర్టును ఇంకా తెరిచే ఉంచుతుంది కాబట్టి 0 ఖాళీ కాదు, కొత్తదానికి 1 వస్తుంది.

మోటారు వైర్లకు దూరంగా కేబుల్ లాగండి. దాటక తప్పని చోట అడ్డంగా దాటించండి. కేబుల్‌కు తొడిగే ఫెర్రైట్ కోర్ నాయిస్‌ను కొంత ఆపుతుంది, రెండు వైపులను విద్యుత్‌పరంగా వేరుచేసే యూఎస్‌బీ ఐసొలేటర్ పెడితే ఇంకా నమ్మకం. ప్రోగ్రామ్‌నూ సరిచేయాలి: ఎర్రర్ రాగానే పోర్టు మూసి మళ్లీ తెరవాలి. నంబరు మీద ఆధారపడకుండా, డెవ్‌లోని సీరియల్ ఫోల్డర్లో బైపాత్ పేరు (/dev/serial/by-path, ఏ పోర్టులో ఉందో దాన్నిబట్టి వచ్చేది) వాడండి. పరికరం వివరాలను బట్టి పేరు ఇచ్చే బైఐడీ కూడా ఉంది గానీ, చాలా యూఎస్‌బీ సీరియల్ కేబుళ్లలో ఉండే సీహెచ్340 చిప్పులకు మామూలుగా సీరియల్ నంబరు ఉండదు. అలాంటివి రెండు పెడితే పేర్లు కలిసిపోతాయి. బైపాత్‌తో మాత్రం ఏ కేబుల్ ఏ పోర్టులోదో మార్చకూడదు.

పోర్టు వచ్చి వెంటనే మాయం. ఉబుంటు 22.04లో సీహెచ్340 కేబుల్‌ను బ్రెయిలీ డిస్‌ప్లే అనుకుని బీఆర్ఎల్‌టీటీవై (brltty, చూపులేనివారి బ్రెయిలీ పరికరాలను నడిపే ప్రోగ్రామ్) లాగేసుకుంటుంది. లాగ్‌లో ఆ పేరే కనిపిస్తుంది. బ్రెయిలీ వాడేవాళ్లు ఎవరూ లేకపోతే ఆ ప్యాకేజీ తీసేయండి. ఉంటే యూడెవ్ రూల్స్‌లో (పరికరాలు పెట్టగానే ఏం చేయాలో చెప్పే ఫైళ్లలో) సీహెచ్340 గుర్తింపు సంఖ్య 1ఏ86:7523 ఉన్న లైను ఒక్కటే ఆపండి.

పర్మిషన్ డినైడ్. యూజర్‌ను సీరియల్ పోర్టులు వాడే అనుమతి ఉన్న డయలౌట్ గ్రూపులో చేర్చి, లాగౌట్ అయి మళ్లీ లాగిన్ అవ్వండి.