బెంగళూరు మేడ మీద వంకాయకు పొగబెట్టే ముందు

డిసెంబరు వచ్చిందంటే బెంగళూరులో సాయంత్రాలు చల్లబడతాయి. అటక మీద కుంపటి ఉన్నవాళ్లకు అది గుర్తుకొస్తుంది. గ్యాసు మంట మీద కాల్చిన వంకాయ పచ్చడికీ, కొబ్బరి చిప్పల పొగలో మగ్గిన వంకాయ పచ్చడికీ పోలికే లేదు. అందుకే మానేయమని చెప్పను. నిరుడు నేను చేసిన పని మాత్రం చేయకండి.

వంకాయలు సగం మగ్గాయో లేదో చినుకులు మొదలయ్యాయి. వాటిని వదల్లేక కుంపటిని మెట్ల గదిలోకి లాగి, జల్లు పడకుండా తలుపు మూశాను. అప్పటికి పొగ లేదు. బొగ్గులు ఎర్రగా, పైన తెల్లటి నివురుతో చూడముచ్చటగా ఉన్నాయి. కాసేపటికి తల దిమ్మెక్కింది, కడుపులో తిప్పింది. ఆకలి అనుకున్నాను! మా ఆవిడ పైకి వచ్చి, "ఏమండీ, ముందు బయటికి రండి" అని చెయ్యి పట్టి లాగబట్టి సరిపోయింది.

పొగ కళ్లు మండిస్తుంది కాబట్టి మనమే పక్కకు జరుగుతాం. ఎర్రటి బొగ్గుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడుకు రంగూ లేదు, వాసనా లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్ ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా దాన్ని పట్టుకుంటుంది, దాంతో ఒంటికి ఆక్సిజన్ అందకుండా పోతుంది. కిటికీ తీశాం కదా అనే ధైర్యం పనికిరాదు. అద్దాలు బిగించిన బాల్కనీ, సెల్లారు, వంటింటి వెనకాల యుటిలిటీ కూడా ఈ విషయంలో గదుల కిందే లెక్క. పైగా చాలా ఇళ్లలో గ్యాసు సిలిండరు ఉండేది ఆ యుటిలిటీలోనే. చలిగా ఉందని, వంటయ్యాక మిగిలిన నిప్పులను పడకగదిలో పెట్టుకోవడం అన్నిటికంటే ప్రమాదం. తలనొప్పి, కళ్లు తిరగడం, వాంతి వచ్చేలా ఉండటం కనిపిస్తే వెంటనే అందరూ ఆరుబయటికి వచ్చి 108కి ఫోను చేయాలి. వాన వస్తే కుంపటిని అక్కడే వదిలేయండి. వంకాయలు పోతే పోయాయి.

కట్టెల విషయంలో మన పెద్దవాళ్లకు ఉన్న పట్టింపు మనకు లేదు. బాగా ఎండిన మామిడి, జామ కట్టెలు, కొబ్బరి చిప్పలు మంచివి. గన్నేరు చెట్టంతా విషమే, దాని పొగ కూడా తగలకూడదు. బెంగళూరులో ఏ వీధిలో చూసినా ఒక ఇల్లు కడుతూనే ఉంటారు. అక్కడ పడి ఉన్న ప్లైవుడ్డు, రంగు వేసిన చెక్క ఊరికే దొరికాయని తెచ్చుకోకండి. ఆ జిగురు, ఆ రంగు కాలి వంకాయకే పడతాయి. జింకు పూత ఉన్న పాత బకెట్టును పొయ్యిగా మార్చే తెలివీ వద్దు. ఆ పూత బాగా వేడెక్కితే వచ్చే ఆవిరి జ్వరం తెప్పిస్తుంది. కిరసనాయిలు, పెట్రోలు సంగతి చెప్పనక్కరలేదు.

తెల్లగా, దట్టంగా పొగ వస్తున్నంతసేపు కూరగాయలు పెట్టవద్దు, చేదెక్కుతాయి. పొగ పలచబడి నీలిగా మారాక, 110 నుంచి 120 డిగ్రీల వేడిలో పెడితే చాలు. వంకాయకు నాలుగు చోట్ల పొడవండి, పచ్చిమిరపకాయకు గాటు పెట్టండి. లేకపోతే లోపలి ఆవిరికి పగిలి ముఖాన చిందుతాయి. పమిట చెంగు, చున్నీ బిగించి కట్టుకోవాలి. ఆరేసిన బట్టలు ముందే తీసేయాలి. పై అంతస్తు వాళ్లకు ఒక మాట చెప్పి మొదలుపెట్టండి. వాళ్లింట్లో ఉబ్బసం ఉన్నవాళ్లు ఉండవచ్చు. చెప్పకపోతే, పొమ్మనలేక పొగబెడుతున్నారనుకున్నా అనుకుంటారు.

వాసనతో పసిగట్టలేని ముప్పు ఇంకొకటి ఉంది. పొగబెట్టిన వెల్లుల్లిని నూనెలో వేసి, సీసాను గట్టు మీద ఉంచేవాళ్లున్నారు. ఆవకాయ నిలవ ఉండటం లేదా అంటారు. ఆవకాయను కాపాడేది ఉప్పూ పులుపూ. వెల్లుల్లికి అవి లేవు, పొగ ఒక్కటే దాన్ని నిలవ ఉంచదు. గాలి చొరని నూనెలో బొటులిజం అనే, నరాలను చచ్చుబరిచే జబ్బును కలిగించే విషం పుట్టవచ్చు. దాన్ని రుచి చూసి కనిపెట్టలేం. ఫ్రిజ్‌లో పెట్టి నాలుగు రోజుల్లో వాడేయండి. మిగతా కూరగాయలనూ రెండు గంటలకు మించి బయట ఉంచవద్దు.

ఆఖరున బూడిద. రాత్రి ఆరిపోయిందనుకున్న కుంపటిని పొద్దున చువ్వతో కెలికితే లోపల ఎర్రగా కనిపించవచ్చు. దాన్ని చెత్తబుట్టలో పోస్తే ప్లాస్టిక్కు అంటుకుంటుంది. వేడి బొగ్గుల మీద ఒక్కసారిగా నీళ్లు గుమ్మరిస్తే ఆవిరి ఎగసి చేతులు కాలుతాయి. మూతపెట్టి మర్నాటి దాకా వదిలేసి, చల్లారాక ఇనుప బకెట్టులోకి తీసి, తడిపి, అప్పుడు పారేయండి.