చూలు నిలవాలంటే కొత్త మగదాని వాసన తగలనివ్వకండి

"అక్కా, ప్లగ్ చూశాం, రిజిస్టర్లో రాశాం, ఇరవై రోజులు దాటినా ఈనలేదేంటి?" మా చిట్టెలుకల (మైస్) గదిలో చేరిన ప్రతి పిల్లా, పిల్లాడూ మొదట్లో అడిగేది ఇదే. ప్లగ్ అంటే మగదానితో కలిశాక ఆడదాని యోనిలో గడ్డకట్టే బిరడా, కలిశాయనడానికి గుర్తు. ఆడది గొడ్డుదనో, మేత బాలేదనో వాళ్ల అనుమానం. నేను మాత్రం ప్లగ్ చూశాక దాన్ని ఏ కేజ్‌లో వేశారని అడుగుతాను. చాలాసార్లు జవాబు అక్కడే దొరుకుతుంది.

అప్పుడే కలిసిన ఆడ చిట్టెలుక దగ్గరికి తెలియని మగదాన్ని తెస్తే చూలు నిలవదని 1959లో లండన్‌లో హిల్డా బ్రూస్ చూపించారు. మగది కనబడక్కర్లేదు, దాని మూత్రం తడిసిన ఊక చాలు. ఆ వాసనను ముక్కులోని వొమెరోనాసల్ అవయవం పట్టుకుని మెదడుకు చేరవేస్తుంది. దాంతో ప్రొలాక్టిన్ అనే హార్మోన్ తగ్గుతుంది, చూలును నిలిపే ప్రొజెస్టెరాన్ హార్మోన్ పడిపోతుంది, పిండాలు గర్భసంచికి అంటుకోవు. కొద్ది రోజుల్లోనే ఆడది మళ్లీ ఎదకొస్తుంది. దీన్ని రోగమనుకోకండి. కొత్త మగది తనవి కాని పిల్లల్ని చాలాసార్లు చంపేస్తుంది. చచ్చిపోయే పిల్లల్ని మూడు వారాలు మోయడం కంటే ముందే వదులుకోవడం ఆ తల్లికి మేలని చాలామంది శాస్త్రవేత్తల అభిప్రాయం. నాకూ అదే సబబుగా తోస్తుంది.

ఇక పని సంగతి. సాయంత్రం ఆడదాన్నే మగదాని కేజ్‌లో వెయ్యండి. ఒక మగదానికి రెండు ఆడవి చాలు. పొద్దున్నే ప్లగ్ చూడండి, ఆలస్యమైతే రాలిపోతుంది. ప్లగ్ కనబడిందని మగదాన్ని వెంటనే తీసేయకండి. కలిశాక కొన్ని గంటలు దగ్గరుంటేనే దాని వాసన ఆడదానికి గుర్తుండిపోతుంది, ఆ తర్వాత ఆ వాసనకు చూలు పోదు. వీలైతే వారం పాటు జంటను కలిపే ఉంచండి. విడదీయాల్సి వస్తే కొత్త ఊక పోసిన, కడిగిన కేజ్‌లో వెయ్యండి. పిండాలు అంటుకునేది నాలుగైదు రోజులకు, గండం అంతవరకే. నేను వారం లెక్కపెట్టి, ఆ కేజ్‌కి ఎర్ర చీటీ కడతాను.

మన విశాఖ ఉక్కకు ఊక తొందరగా చెమ్మగిల్లుతుంది, కేజ్‌లు తరచూ మార్చాల్సి వస్తుంది. ఇబ్బంది అక్కడే. మగవాటి కేజ్ ఎత్తిన గ్లవ్స్‌తోనే ఎర్ర చీటీ కేజ్ ముట్టుకుంటారు. కాబట్టి వరస మార్చకండి: ముందు ఎర్ర చీటీవి, తర్వాత పాలిచ్చే తల్లులు, మగవి చిట్టచివర. మూతలు, నీళ్ల సీసాలు ఒకదానివి ఇంకొకదానికి పెట్టొద్దు.

2014 అక్టోబరులో హుద్‌హుద్ వచ్చినప్పుడు కిటికీలు ఎగిరిపోయి, కరెంటు లేక, పొడిగా మిగిలిన ఒక్క గదిలోకే అన్నిటినీ చేర్చాం. కలిసిన ఆడవాటిని దొరికిన కేజ్‌లలో సర్దాం, వాటిలో కొన్ని మగవి ఉండి ఖాళీ అయినవి. ఆ విడతలో ఈనినవి బాగా తక్కువ. తడి, గాలి హోరు, భయం కూడా పనిచేసి ఉంటాయి, అంతా వాసన మీదకే నెట్టలేను. అయినా అప్పటినుంచి కడిగిన ఖాళీ కేజ్‌లు కొన్ని విడిగా కట్టి, అటక మీద పెట్టిస్తున్నాను.

అదే వాసన మనకు పనికొచ్చే సందర్భమూ ఉంది. ఆడవాటినే గుంపుగా ఉంచితే ఎద సరిగ్గా రాదు. మగదాని కేజ్‌లోని తడి ఊక పిడికెడు వాటిలో వేస్తే మూడో రాత్రికి చాలావరకు ఎదకొస్తాయి. దీన్ని 1956లో విటెన్ అనే శాస్త్రవేత్త బయటపెట్టారు. ఒకేసారి ఈనాలంటే ఇంతకంటే తేలిక దారి లేదు. ఆ ఊక మాత్రం ఎర్ర చీటీ కేజ్‌ల వైపు పోకూడదు.

ఎలుకలకే పరిమితమైన సంగతి కాదిది. ఇథియోపియా కొండల్లో జెలడా కోతుల గుంపును కొత్త మగది చేజిక్కించుకుంటే, చూలుతో ఉన్న ఆడవాటిలో దాదాపు 80 శాతానికి గర్భం పోయిందని 2012లో తేల్చారు. కొండముచ్చులది ఇంకో దారి: చూలుతో ఉన్నా కొత్తదానితో కలుస్తాయి. పుట్టేది తన పిల్లేమోనని మగది చంపకుండా వదిలేస్తుందని దీనికి చెప్పే కారణం. మన దేశంలో ధార్వాడ్ దగ్గర, మౌంట్ అబూలో ఏళ్ల తరబడి కొండముచ్చుల్ని గమనించారు.

చివరగా, జంటలో మగది చచ్చిపోతే జాలిపడి వెంటనే ఇంకోదాన్ని వెయ్యకండి. చూలు వారం దాటితే వాసనకు పోకపోవచ్చు, కానీ పుట్టిన పిల్లల్ని ఆ కొత్త మగది చాలాసార్లు బతకనివ్వదు. తల్లి ఈని, 21 రోజులకు పిల్లల్ని వేరు చేశాక, దాన్ని కొత్త మగదాని కేజ్‌కి తీసుకెళ్లండి. ఆ తేదీ కూడా రిజిస్టర్లో ఎక్కించండి.