ప్లేయర్లు వాయిదా వేస్తుంటే విలన్ ఏం చేయాలి? సమస్య - పరిష్కారం

హనుమకొండలో మేం ఆదివారాలు టేబుల్‌టాప్ రోల్‌ప్లే ఆడతాం, అంటే టేబుల్ చుట్టూ కూర్చుని ఒక్కొక్కరు ఒక పాత్రగా, డైస్ వేస్తూ కథ నడిపే ఆట. కొత్తగా గేమ్ మాస్టర్ కుర్చీలో, అంటే కథనూ విలన్‌నూ నడిపేవాడి చోట కూర్చున్నవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది ఒకటే. "అన్నా, మా విలన్‌ను ఎవరూ లెక్కచేస్తలేరు. సంతకు పోతరు, సైడ్ క్వెస్టులని పక్క పనులు చేస్తరు, పడుకుంటరు, వాడి దగ్గరికి మాత్రం పోరు. తీరా పోయినంక ఫైట్ చప్పగా అయిపోతది."

సెషన్ నడపడం, ఫైట్ కట్టడం, డైస్ లెక్కలు మీకు వచ్చనే అనుకుని రాస్తున్నాను. ఈ సమస్య వాటిలో ఉండదు.

ముందు ఇది చూడండి: ఆటలో ఈ రోజు తేదీ ఎంత?

సెషన్ మధ్యలో మిమ్మల్ని ఎవరైనా ఈ ప్రశ్న అడిగితే వెంటనే చెప్పగలరా? చెప్పలేకపోతే మిగతా ఏదీ చూడకండి, ముందు ఇది సరిచేయండి. నా దగ్గరికి వచ్చినవాళ్లలో చాలామంది విలన్ డైలాగులు మార్చారు, స్పెల్స్ మార్చారు, గడి మ్యాప్ మళ్లీ గీశారు. తేదీ మాత్రం రాసుకోలేదు. కాలం నడవని చోట ఆలస్యం అనేదే ఉండదు. ఆలస్యం లేనప్పుడు విలన్ స్పందించడానికి ఏముంటుంది?

ఇది కొత్త సంగతి కాదు. కాలం లెక్క కచ్చితంగా రాసుకోకపోతే అర్థవంతమైన క్యాంపెయిన్ (చాలా సెషన్ల పాటు సాగే కథ) ఉండదని, డంజియన్స్ అండ్ డ్రాగన్స్ ఆటను తయారుచేసినవాళ్లలో ఒకరైన గ్యారీ గైగాక్స్ 1979 నాటి డంజియన్ మాస్టర్స్ గైడ్‌లో పెద్దక్షరాల్లో రాశారు. డంజియన్స్ అండ్ డ్రాగన్స్ ఐదో ఎడిషన్ ఆడేవాళ్లకు లెక్క ఇంకా సులువు. లాంగ్ రెస్ట్ అంటే పాత్రలు బలం పుంజుకోవడానికి తీసుకునే 8 గంటల విశ్రాంతి, 24 గంటల్లో ఒక్కసారే దాని ఫలితం దక్కుతుంది. కాబట్టి ప్లేయర్లు నాలుగుసార్లు లాంగ్ రెస్ట్ తీసుకున్నారంటే విలన్ చేతికి దాదాపు నాలుగు రోజులు వచ్చినట్టే. ఆ నాలుగు రోజులు ఎక్కడికి పోయాయో మీ నోట్‌బుక్‌లో ఉండాలి.

కల్పిత నెలల పేర్లు పెట్టకండి, ఎవరికీ గుర్తుండవు. నేను మన పండగలే వాడతాను. "ఈ రోజు ఎంగిలిపూల బతుకమ్మ, సద్దుల నాటికి వాడి పని పూర్తవుతుంది" అంటే టేబుల్ మీద ఎవరికీ వివరించక్కర్లేదు. తొమ్మిది రోజులు, రోజుకో పేరు, చివరి రోజు ఊరంతా చెరువు దగ్గర ఉంటుంది. గడువు ఎంత దగ్గరపడిందో ప్లేయర్లకు లెక్క పెట్టకుండానే తెలిసిపోతుంది.

తేదీ పక్కనే ఒక వాక్యం రాయండి: ప్లేయర్లు అసలు రాకపోతే ఏం జరుగుతుంది? "విలన్ లోకాన్ని ఏలుతాడు" అని రాస్తే చాలదు. ఏ ఊరు, ఏ చెరువు, ఎవరి ఇల్లు, ఏ రోజు. 2012లో వచ్చిన డంజియన్ వరల్డ్ అనే రోల్‌ప్లే ఆటలో ఈ చివరి ప్రమాదానికీ, దానికి ముందు ఒక్కొక్కటిగా కనిపించే సూచనలకూ విడివిడిగా చోటు పెట్టారు. ఏ రూల్స్‌తో ఆడినా ఆ పద్ధతి పనికొస్తుంది.

లక్షణం: విలన్ కదులుతున్నాడు, అయినా ఎవరికీ పట్టట్లేదు

కారణం చిన్నదే. వాడు మీ నోట్‌బుక్‌లో కదులుతున్నాడు, టేబుల్ మీద కదలట్లేదు. మీరు స్క్రీన్ వెనక వాడి అడుగులు రాసుకుంటూ పోయి, ఏడో సెషన్‌లో "ఊరు కాలిపోయింది" అంటే ప్లేయర్లకు మోసపోయినట్టే ఉంటుంది. వాళ్ల కోపం న్యాయమైనదే.

ప్రతి కదలికా ప్లేయర్లు అప్పటికే వాడుతున్న దాని మీద కనిపించాలి. రోజూ దిగే పూటకూళ్లింట్లో అన్నం బదులు గటక పెట్టారు, ఎందుకంటే బియ్యం బండ్లు రావట్లేదు. బాణాలు చేసిచ్చే కమ్మరి కొలిమికి తాళం ఉంది. వార్త చెప్పడానికి కొత్త దూతను పంపకండి, వాళ్లకు పేరు తెలిసిన మనిషి చెప్పాలి. క్లాక్ (ముక్కలుగా విభజించి, విలన్ పని సాగిన కొద్దీ ఒక్కో ముక్క నింపే వృత్తం) గీసే అలవాటు ఉంటే అందరికీ కనిపించేలా కాగితం మీద గీయండి. బ్లేడ్స్ ఇన్ ద డార్క్ అనే రోల్‌ప్లే ఆట ఆడినవాళ్లకు 4, 6, 8 ముక్కల క్లాకులు తెలిసే ఉంటాయి. విలన్ పథకానికి నాకు 6 సరిపోతుంది.

లక్షణం: విలన్ స్పందిస్తున్న కొద్దీ ప్లేయర్లు ఇంకా వాయిదా వేస్తున్నారు

నన్ను బాగా దెబ్బతీసింది ఇదే. పై రెండూ సరిగ్గా చేసేవాళ్లే ఇందులో పడతారు, అందుకే కారణం ఎక్కడుందో చాలాకాలం దొరకదు.

మా క్యాంపెయిన్‌లో విలన్ గుట్ట మీద గడిలో ఉండే మంత్రగాడు దొర. కింద గొలుసుకట్టు చెరువులు, వాటి కింద ఏడు ఊళ్లు. ఒక్కో చెరువు తూములో ఒక్కో రాయి ఉంటుంది, ఆ రాళ్లన్నీ దొరకు కావాలి. తేదీ రాశాను. వార్తలు తెలిసేలా చేశాను. ప్లేయర్లు పది రోజులు ఆలస్యం చేసినప్పుడల్లా దొరకు ఇంకో పది మంది కావలివాళ్లు, ఒక కొత్త మంత్రం, కొంచెం హిట్ పాయింట్లు (ఎన్ని దెబ్బలు తట్టుకోగలడో చెప్పే లెక్క) పెంచాను. ఆలస్యానికి తగిన ఫలితం అనుకున్నాను. రెస్ట్ మరీ ఎక్కువైతే రాత్రిపూట దాడి కూడా పంపాను.

ఐదు సెషన్లలో ముగియాల్సిన కథ పదకొండుకు వచ్చింది. అప్పటికీ వాళ్లు గడి తలుపు ముఖం చూడలేదు. రాత్రి దాడుల్లో దెబ్బలు తిని మళ్లీ పడుకునేవాళ్లు. కావలివాళ్లు పెరిగారని విని "ఇంకొక్క లెవెల్ వచ్చినంక పోదాం" అనేవాళ్లు. నేను వాళ్లను బద్ధకస్తులు అనుకున్నాను. ఒక ఆదివారం అందరూ వెళ్లిపోయాక ఒక తమ్ముడు ఆగి చెప్పాడు: "అన్నా, మేం పోవద్దని కాదు. ఎప్పుడు చూసినా వాడు మాకంటే పెద్దగనే అవుతుండు. ఇప్పుడు పోతే సస్తం కదా."

అప్పుడు అర్థమైంది. వాళ్లు ఆలస్యం చేసింది తయారుగా లేమన్న భయంతో. నేను ఆ ఆలస్యానికి శిక్షగా విలన్‌ను బలవంతుణ్ని చేశాను. దాంతో వాళ్లు ఇంకా తయారుగా లేనట్టయింది, ఇంకా ఆగారు. మంట ఆర్పడానికి నేను పోసింది నూనె. విచిత్రం ఏమిటంటే బయటినుంచి చూస్తే అంతా సరిగ్గానే ఉంటుంది. కాలం నడుస్తోంది, విలన్ స్పందిస్తున్నాడు, ప్లేయర్లకు తెలుస్తోంది. అయినా కథ కదలదు.

మీ టేబుల్ మీద ఇదే జరుగుతోందా అన్నది మాటల్ని బట్టి పట్టుకోవచ్చు. "తొందరేం లేదు, ముందు సంత చూద్దాం" అంటున్నారంటే వాళ్లకు విలన్ కనిపించట్లేదు, పై భాగానికి వెళ్లండి. "ఇంకో లెవెల్", "ఇంకో రెండు పోషన్లు", "ఇంకొక మనిషి తోడుంటే" అంటున్నారంటే విలన్ మరీ ఎక్కువగా కనిపిస్తున్నాడు, రోగం ఇదే.

పరిష్కారం: విలన్ బలాన్ని ముట్టుకోకండి, విలన్ పనిని ముందుకు నడపండి. రెండింటికీ చాలా తేడా ఉంది. ఎవరి పనైనా ముందుకు సాగాలంటే ఏదో ఒకటి ఖర్చు కావాలి. మనుషుల్ని పంపాలి, దాచుకున్నది బయటికి తీయాలి, తాను ఇల్లు దాటాలి. ప్రతి అడుగులో ఊరికి ఒక నష్టం ఉండాలి, అదే అడుగులో విలన్ వైపు ఒక సందు తెరుచుకోవాలి.

దొర పథకాన్ని నేను మళ్లీ రాసుకున్న తీరు చెబుతాను. మొదటి అడుగులో పై చెరువు తూము పగలగొట్టి రాయి తీసుకుపోయారు. ఆ ఊరి కింద నాట్లు ఆగిపోయాయి, కానీ ఆ పని చేసిన ఇద్దరు శిష్యులు మంత్రం భారానికి మంచం పట్టారు. రెండో అడుగులో, తూముల గుట్టు తెలిసిన నీరటిని ఎత్తుకుపోయారు. అతను ప్లేయర్లకు మొదటి సెషన్ నుంచీ తెలిసిన మనిషి, అందరూ కదిలిపోయారు. అయితే అతని కొడుక్కి కూడా ఆ దారులన్నీ తెలుసు, వాడు ప్లేయర్లను వెతుక్కుంటూ వచ్చాడు. మూడో అడుగుకి రెండు చెరువుల దగ్గర కాపలా పెట్టాల్సి వచ్చి గడిలో మనుషులు సగమయ్యారు, వెనక దిడ్డి దగ్గర ఒక్కడే మిగిలాడు. నాలుగో రాయి లోతైన చెరువులో ఉంది, దాన్ని తీయడం శిష్యుల వల్ల కాదు. దొర తానే గడి దిగి కట్ట మీదికి రావాలి.

ఇందులో ఎక్కడా దొర హిట్ పాయింట్లు ఒక్కటి కూడా పెరగలేదు. త్వరగా వెళ్తే గడిలో కష్టమైన ఫైట్, ఏడు ఊళ్లూ పచ్చగా ఉంటాయి. ఆలస్యంగా వెళ్తే ఫైట్ వేరే చోట, మూడు ఊళ్లు ఎండిపోయి ఉంటాయి. ప్లేయర్లు పోగొట్టుకునేది ఊళ్లను, గెలిచే అవకాశాన్ని కాదు. మా వాళ్లు చివరికి నాలుగో చెరువు దగ్గరే పట్టుకున్నారు. వాన పడుతోంది, మత్తడి దూకుతోంది, కట్ట కింద ఊరు నిద్రలో ఉంది. మంత్రం గురి తప్పితే గండి పడుతుంది. అంత జాగ్రత్తగా ఆడటం నేను అంతకుముందు చూడలేదు.

ఇక్కడ ఒక జాగ్రత్త కావాలి. సందు మాత్రమే తెరిచి నష్టం తేలిగ్గా పెడితే, ఆగడమే లాభమని ప్లేయర్లు కనిపెడతారు. ఎవరో తెలియని ఊరు ఎండితే వాళ్లకు బాధ ఉండదు. వాళ్లు అన్నం తిన్న ఇల్లు, వాళ్లు పేరు పెట్టిన ఎద్దు, వాళ్లు మాటిచ్చిన ముసలమ్మ, నష్టం అక్కడ తగలాలి. ప్రతి అడుగు రాశాక రెండు ప్రశ్నలు వేసుకోండి: ఊరు ఏం పోగొట్టుకుంది, విలన్ ఏం ఖర్చు పెట్టాడు? ఒక్కదానికే జవాబుంటే ఆ అడుగు మళ్లీ రాయండి. సైడ్ క్వెస్టుల్ని కూడా ఇందులోనే కలపండి. నీరటి కొడుకును కాపాడితే మూడో అడుగు ఒక వారం వెనక్కి పోవాలి. అప్పుడు సైడ్ క్వెస్టు కూడా విలన్‌తో పోరాటమే అవుతుంది.

ఇప్పటికే విలన్‌ను పెంచేసి ఉంటే, రహస్యంగా హిట్ పాయింట్లు తగ్గించకండి. ఆ పెద్ద బలగానికి తిండి ఎక్కడిదో లెక్క వేయండి. గడిలో 60 మంది ఉంటే మనిషికి రోజుకు అర కిలో బియ్యం చొప్పున 30 కిలోలు, నెలకు 9 క్వింటాళ్లు. మూడు ఊళ్లు ఎండబెట్టినవాడికి ఆ బియ్యం ఎక్కడి నుంచి వస్తుంది? దూరం నుంచి బండ్ల మీద రావాలి. ఆ బండ్ల సంగతి ప్లేయర్ల చెవిన పడేయండి, మిగతాది వాళ్లే చూసుకుంటారు. రెండు బండ్లు ఆపితే తిండి లేని కావలివాళ్లు గోడ దూకి వచ్చేస్తారు. మీరు పెంచిన బలమే వాడి బలహీనత అవుతుంది, ఆ పని ప్లేయర్లు తమ చేతులతో చేసినట్టు ఉంటుంది.

లక్షణం: ఒకసారి తరిమికొట్టాక విలన్‌ను మరిచిపోయారు

దీనికి మన ఓరుగల్లు కోటకన్నా మంచి పాఠం నాకు తెలియదు. ఢిల్లీ సుల్తాను కొడుకు ఉలుగ్ ఖాన్ మొదటి ముట్టడి విఫలమైంది. ఢిల్లీలో సుల్తాను చనిపోయాడన్న పుకారు శిబిరంలో పాకి సైన్యం చెదిరింది, అతను దేవగిరికి వెనుదిరిగాడు. గెలిచామనుకున్న ప్రతాపరుద్రుడు ధాన్యాగారాలు తెరిపించి విందులు చేయించాడని చరిత్రకారులు రాశారు. కొన్ని నెలలకే ఉలుగ్ ఖాన్ అదనపు బలగంతో తిరిగి వచ్చాడు, 1323లో కోట పడిపోయింది.

గేమ్ మాస్టర్‌కు ఇందులో రెండు పనికొచ్చే విషయాలున్నాయి. ప్లేయర్లకు ఊపిరి తీసుకునే సమయం ఇవ్వాలనుకుంటే విలన్‌ను ఉన్నచోటే బొమ్మలా నిలబెట్టక్కర్లేదు, వాడికి వాడి ఇంటి గొడవ ఒకటి తగిలించండి. రెండోది, ఆ విరామంలో ప్లేయర్లు దేన్ని ఖర్చు పెడుతున్నారో రాసుకోండి. తిరిగి వచ్చే విలన్ దెబ్బ కొట్టేది అక్కడే.

అరుదైన కారణాలు

విలన్ పేరే ఎవరికీ గుర్తులేదంటే పేరు మార్చండి, రెండు అక్షరాలు చాలు. ఒక్కరే ప్రతిసారీ సంతలో గంటసేపు ఉంటున్నారంటే అది విలన్ సమస్య కాదు, కొనుగోళ్లు సెషన్ బయట ఫోన్‌లో ముగించండి. అసలు ఈ కథే వద్దనుకుంటున్నారేమో అని అనుమానముంటే నేరుగా అడగండి, ఐదు నిమిషాల్లో తేలిపోతుంది.

పరీక్షల వల్లో, ఊళ్లో పొలం పనుల వల్లో రెండు నెలలు ఆట ఆగితే, ఆ రెండు నెలలు విలన్‌కు ఇవ్వకండి. అది ప్లేయర్లు చేసిన ఆలస్యం కాదు. మళ్లీ కూర్చున్న రోజు నోట్‌బుక్ తీసి, చివరి సెషన్‌లో రాసిన తేదీ గట్టిగా చదివి, ఆ సాయంత్రం నుంచే మొదలుపెట్టండి.